ఊరు ఖాళీ చేయించి మునిసిపాలిటీని నిలదీసిన ఆంధ్రరత్న

మనుబోలు: ఇంటి పన్ను నోటీసు చేతికి వచ్చిన రోజున ఏ పల్లెలోనైనా రెండు ప్రశ్నలు వినబడతాయి. కట్టకపోతే ఏం చేస్తారన్నది మొదటిది. ఎవరిని అడిగి పెంచారన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు పంచాయతీ కార్యాలయంలోనే దొరుకుతుంది. రెండవ ప్రశ్న అంత తేలికైనది కాదు. నూరేళ్ల క్రితం ఆ ప్రశ్న అడిగిన పాపానికి పదమూడు వేల మందికి పైగా ప్రజలు పిల్లా జెల్లాతో, గొడ్డూ గోదాతో ఇళ్లు విడిచి తాటాకు పాకలలో కాపురం పెట్టారు. మనుబోలు, నెల్లూరు స్టేషన్ల మీదుగా బెజవాడ వైపు పోయే రైలు దారిలోనే ఆ ఊరున్నది. అదే చీరాల. ఆ ప్రజలను ముందుండి నడిపించిన మహనీయుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన జీవించింది ముప్పై తొమ్మిదేళ్లు మాత్రమే. అయినా స్థానిక స్వపరిపాలన చరిత్రలో ఆయన పేరు చెరగనిది. ఊరిని పట్టణంగా మార్చడానికీ, పన్ను విధించడానికీ సర్కారుకు గల అధికారం ఎంతవరకు అన్న ప్రశ్నను ఆయన కోర్టులో గాక వీధిలో నిలబెట్టి అడిగారు.

తల్లీ తండ్రీ లేని బాల్యం

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2వ తేదీన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించారు. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. పసితనంలోనే తల్లిని, ఊహ తెలియని వయస్సులోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయనను బంధువులే పెంచి పెద్ద చేశారు. బాపట్లలో హైస్కూలు చదువు సాగింది. బడి పుస్తకాల కంటే పాటలూ పద్యాలూ నాటకాలే ఆ కుర్రవాడిని ఎక్కువగా ఆకర్షించాయి.

ఆ రోజులలో ఇంగ్లీషు చదువు చదివిన యువకుడికి సర్కారు ఉద్యోగమే పరమార్థం. గోపాలకృష్ణయ్య మాత్రం 1911లో ఓడ ఎక్కి స్కాట్లండు దేశంలోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ ఎం.ఏ. పట్టం పుచ్చుకున్నారు. ఆ కాలంలోనే భారతీయ శిల్పానికీ కళలకూ ప్రపంచంలో పేరు తెచ్చిన ఆనంద కుమారస్వామితో ఆయనకు స్నేహం కలిసింది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ గ్రంథాన్ని 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. నాట్యశాస్త్రం తెలిసినవారు నేటికీ ఆ పుస్తకాన్ని గౌరవంగా తలచుకుంటారు.

స్వదేశానికి తిరిగివచ్చిన పిమ్మట రాజమండ్రిలోనూ, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలోనూ కొంతకాలం ఉపాధ్యాయ వృత్తి చేశారు. అయితే ఒకరి కింద అణిగి మణిగి ఉండే స్వభావం కాదాయనది. ఉద్యోగాలు నిలువలేదు. చివరికి చీరాల చేరి అక్కడి ప్రజలలో ఒకరైపోయారు. హరికథ, జంగం కథ, చాటు పద్యం ఆయన నాలుక మీద ఉండేవి. సీమ చదువు చదివిన మనిషి పల్లెటూరి భాషలో మాట్లాడుతుంటే వేలాది జనం కదలకుండా కూర్చుని వినేవారు.

రామదండు

చీరాలలో ఆయన చేసిన మొదటి పని రామదండు అనే సేవాదళాన్ని కూర్చడం. స్వరాజ్యమన్నా, ప్రజాస్వామ్యమన్నా అర్థం కాని సామాన్యుడికి శ్రీరాముడు తెలుసు, వానరసేన తెలుసు. ఆ కథనే ఆసరా చేసుకొని గోపాలకృష్ణయ్య యువకులకు క్రమశిక్షణ నేర్పారు. కాషాయపు దుస్తులు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు ఆ దళం గుర్తులు. వారి చేతిలో ఆయుధం ఉండేది కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశాలు జరిగినపుడు లక్షలాదిగా తరలివచ్చిన జనాన్ని అదుపులో ఉంచే భారం రామదండు వహించింది. కొద్ది వారాలలోనే ఆ దళానికి అంతకంటే కఠినమైన పరీక్ష ఎదురుకానున్నది.

యూనియన్ నుంచి మునిసిపాలిటీకి

చీరాల తగవు అర్థం కావాలంటే ఆనాటి చట్టం కొంత తెలియాలి. 1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం ప్రకటించారు. దాని దరిమిలా చెన్నపట్నం ప్రభుత్వం 1884లో రెండు చట్టాలు చేసింది. ఒకటి పట్టణాలలోని మునిసిపాలిటీలకు, రెండవది పల్లెలలోని లోకల్ బోర్డులకు సంబంధించినది. జిల్లాకు జిల్లా బోర్డు, దాని కింద తాలూకా బోర్డు, కొంచెం పెద్ద గ్రామాలకు యూనియన్ పంచాయతీ ఏర్పడ్డాయి. యూనియన్‌లో ఇంటి పన్ను తక్కువ. చేసే పనులూ తక్కువే. వీధులు ఊడ్పించడం, దీపాలు పెట్టించడం, బావులూ దారులూ చూసుకోవడం దాని వంతు.

మునిసిపాలిటీ దారి వేరు. దానికి పన్నులు వేసే అధికారం ఎక్కువ. ఇళ్లు కట్టుకోవడం, మురుగు పోయే దారి, అంగళ్లు, కబేళాలు, బండ్లు వంటి వాటిపై నిబంధనలు పెట్టి, పాటించని వారిని కోర్టుకు ఈడ్చి జరిమానా వేయించే అధికారమూ ఉంటుంది. నెల్లూరు పట్టణంలో 1866లోనే మునిసిపాలిటీ ఏర్పడింది. కలెక్టరు కచేరీ, కోర్టులు, పెద్ద బజారు ఉన్న ఊరికి ఆ భారం మోయగల శక్తి ఉన్నది. చీరాల అలాంటిది కాదు.

చీరాల, పేరాల జంట గ్రామాలు. జాండ్రపేట, వీరరాఘవపేట వాటిని ఆనుకొని ఉన్నాయి. జనాభా పదిహేను వేల పైచిలుకు. నేతగాళ్లు, చిన్న రైతులు, చిల్లర వర్తకులు, కూలీ నాలీ చేసుకొనేవారు అందులో ఎక్కువ. ఈ గ్రామాలన్నీ కలిసి ఒక యూనియన్‌గా ఉన్నపుడు ప్రజల నుంచి వసూలయ్యే పన్ను ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు. 1919లో చెన్నపట్నం ప్రభుత్వం వీటిని కలిపి మునిసిపాలిటీగా మార్చింది. పన్నుల మొత్తం సుమారు 40 వేల రూపాయలకు పెరిగింది.

ఒకటికి పదింతలు. ఆనాడు నేతగాని ఇంట రెండు పూటలా పొయ్యి వెలగడమే గగనం. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల నూలు ధర, బియ్యం ధర కూడా మండిపోతున్న రోజులవి.

ప్రభుత్వం పక్షాన కూడా ఒక వాదం లేకపోలేదు. వర్తకం పెరిగిన ఊరు, జనం కిక్కిరిసిన వీధులు, మురుగు కాలువలు లేని పేటలు. కలరా, మశూచి వంటి జాడ్యాలు ఏటా జనాన్ని పొట్టన పెట్టుకొనే కాలం. పారిశుద్ధ్యం బాగుపడాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే మునిసిపాలిటీ ఉండాలి అన్నది అధికారుల లెక్క. ఆ లెక్కలో మరచిపోయింది ఒక్కటే. ఆ డబ్బు ఇవ్వవలసిన ప్రజలను ఎవరూ సంప్రదించలేదు. మునిసిపాలిటీ వద్దని ప్రజలు అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నా ప్రభుత్వం చెవిని పెట్టలేదు.

మరో విచిత్రం గమనించదగినది. 1920 ఎన్నికల తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ ఇంగ్లీషు దొరల చేతి నుంచి దేశీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ శాఖ చేపట్టిన మంత్రి మన పొరుగున ఉన్న కాళహస్తిలో పుట్టిన తెలుగువారే. ఆయన పానుగంటి రామరాయణింగారు. తర్వాత పానగల్ రాజాగా ప్రసిద్ధికెక్కి, 1921 జులై నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశారు. దేవాలయాల ఆస్తులకు రక్షణగా చట్టం తెచ్చిన ఘనత ఆయనది. అటువంటి మంత్రి ఉన్నా చీరాల మునిసిపాలిటీ ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు.

పన్ను నిరాకరణ, జైలు

అర్జీలు వమ్మయిన తర్వాత ప్రజలు పన్ను కట్టడం మానివేశారు. మునిసిపాలిటీ తన చట్టం తాను చూపింది. నోటీసులు, జప్తులు, కేసులు మొదలయ్యాయి. పన్ను కట్టని వారిలో కొందరికి శిక్షలు పడ్డాయి. జైలుకు వెళ్లిన వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. స్త్రీలు గడప దాటడమే అరుదైన ఆ రోజులలో పన్ను విషయమై ఒక ఆడకూతురు జైలుకు పోవడం దేశమంతటా చర్చకు వచ్చింది.

ఇక్కడ గోపాలకృష్ణయ్యకు ఒక సంకటం ఎదురయింది. పన్ను ఎగవేయడం చట్టం దృష్టిలో నేరం. ఎంతమంది ఎగవేస్తే అంతమందిని జైలుకు పంపగలదు సర్కారు. ఇంటి సామాను, మగ్గం, చెంబూ తపేలా వేలం వేయగలదు. బీదవారు ఎంతకాలం తట్టుకోగలరు? ఎవరైనా ఓర్పు కోల్పోయి చేయి చేసుకుంటే పోలీసు తుపాకులు దిగుతాయి. ఊరు నాశనమవుతుంది.

గాంధీజీ చెప్పిన రెండు దారులు

బెజవాడ సమావేశాలు ముగించుకొని మద్రాసు వైపు వస్తూ గాంధీజీ 1921 ఏప్రిల్ 6వ తేదీన చీరాలలో దిగారు. మరునాడే ఆయన నెల్లూరు వచ్చి, పెన్న ఒడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యలు నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ విధంగా చీరాల ముచ్చట ఒక్కరోజు తేడాతో నెల్లూరు జిల్లాకూ చేరింది.

చీరాల ప్రజల కష్టం విన్న గాంధీజీ రెండు దారులు చూపారు. ఎన్ని శిక్షలు పడినా శాంతం తప్పక పన్ను కట్టకుండా నిలబడడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి వెలుపలికి వెళ్లిపోవడం మరొకటి. ఏ దారి పట్టినా స్వశక్తి మీదనే ఆధారపడాలని, కాంగ్రెస్ నుంచి ధనసహాయం ఆశించరాదని కూడా ఆయన స్పష్టం చేశారు.

గోపాలకృష్ణయ్య రెండవ దారిని ఎన్నుకున్నారు. మునిసిపల్ చట్టం మునిసిపాలిటీ హద్దు రాయి వరకే చెల్లుతుంది. హద్దు లోపల ఇల్లున్నవాడు పన్ను కట్టాలని చట్టం చెప్పగలదు గాని, ప్రతివాడూ హద్దు లోపలే కాపురం ఉండాలని ఏ చట్టమూ చెప్పజాలదు. కనుక ఊరు విడిచిన వాడిని అరెస్టు చేయడానికి సెక్షను లేదు. పన్ను ఎగవేసిన వాడు నేరస్థుడు. ఊరు విడిచిన వాడు నేరస్థుడు కాడు. చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే ఆ చట్టం ఏలవలసిన ఊరిని ఖాళీ చేయడం ఈ ఎత్తుగడలోని కీలకం.

రామనగరం

1921 వేసవిలో వలస మొదలైంది. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి బయలుదేరారు. తాతల నాటి ఇల్లు, దేవుడి గూడు, పెరటి చెట్టు, బావి వదలి రావడం ఎంత కష్టమో పల్లెవాసులకు చెప్పనక్కరలేదు. నేతగానికి మరీ కష్టం. గుంట మగ్గం ఎత్తి నెత్తిన పెట్టుకొని పోయేది కాదు. కొత్త చోట మళ్లీ గుంట తవ్వాలి, పడుగు సాగదీయడానికి జాగా చూసుకోవాలి, అంతవరకు పూట గడవాలి. అయినా కదిలారు. అన్ని కులాలవారూ, కలిగినవారూ లేనివారూ కదిలారు.

మునిసిపాలిటీ హద్దుకు వెలుపల తాటాకు పాకలు లేచాయి. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టారు. రామదండు కాపలా కాసింది. తగవులు వస్తే కోర్టుకెక్కకుండా తీర్చుకోవడానికి తమలో తామే పంచాయతీ పెట్టుకున్నారు. సర్కారు వారి మునిసిపాలిటీ చీరాలలో జనం లేక బోసిపోగా, హద్దు అవతల ప్రజల పంచాయతీ చట్టం అండ లేకుండానే నడిచింది. గోపాలకృష్ణయ్య పగలు పాకల మధ్య తిరుగుతూ, రాత్రి భజనలతోనూ కథలతోనూ జనానికి ధైర్యం చెప్పేవారు. చీరాల ప్రజల త్యాగాన్ని మెచ్చుకుంటూ గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో వ్రాశారు. చీరాల పేరు దేశమంతటా మారుమోగింది. గోపాలకృష్ణయ్యకు ఆంధ్రరత్న అన్న బిరుదు ఆ సంవత్సరంలోనే దక్కింది.

అయితే కీర్తి కడుపు నింపదు. ఎండలు పోయి వానలు వచ్చాయి. తాటాకు పాకలు సముద్రపు గాలికీ వానకూ ఆగలేదు. నేత సాగక, కూలి దొరకక చాలామంది ఇబ్బందుల పాలయ్యారు. వలస వచ్చినవారిని ఆదుకోవడానికి విరాళాలు పోగుచేయవలసిన అగత్యం ఏర్పడింది.

బరంపురంలో అరెస్టు

ఆ పని మీదనే గోపాలకృష్ణయ్య గంజాం జిల్లా బరంపురం వెళ్లారు. నేడు ఒడిశాలో ఉన్న బరంపురం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనిదే. అక్కడ ఆయన ప్రసంగించరాదని అధికారులు నిషేధాజ్ఞ జారీ చేశారు. ఆయన ఆ ఆజ్ఞను ధిక్కరించారు. ఏడాది జైలు శిక్ష పడింది. తిరుచినాపల్లి జైలుకు పంపారు.

చీరాలలో ఏ చట్టానికీ చిక్కని నాయకుడు బరంపురంలో ఒక నిషేధాజ్ఞకు చిక్కాడు. నాయకుడు లేని రామనగరం కొన్ని నెలలు నిలిచింది గాని ఆకలీ, వానా, అనారోగ్యం దాని శక్తిని పీల్చివేశాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన అనంతరం గాంధీజీ దేశవ్యాప్త ఉద్యమాన్ని నిలిపివేశారు. ఆ సమయానికి పెదనందిపాడు ప్రాంతంలోని పన్నుల నిరాకరణ కూడా చల్లారింది. సుమారు పదకొండు నెలల కష్టం తర్వాత చీరాల ప్రజలు ఒక్కొక్క కుటుంబంగా తాళాలు తీసి తమ ఇళ్లలో అడుగుపెట్టారు.

లెక్క చూసుకుంటే ఆనాటికి గెలిచింది ప్రభుత్వమే. కానీ ఆ గెలుపు ఎలాంటిదో అధికారులకూ తెలుసు. ప్రజలు ఒప్పని పన్నును వసూలు చేయాలంటే ఊరంతా ఖాళీ అయ్యే స్థితి రావచ్చునని చీరాల చాటింది. ఇప్పటి చీరాల పురపాలక సంఘం ఏర్పడింది 1948లో, స్వతంత్రం వచ్చిన తర్వాతనే.

చివరి రోజులు

జైలు నుంచి విడుదలైన గోపాలకృష్ణయ్య మళ్లీ రాజకీయాలలో ప్రవేశించారు. శాసనసభలలో ప్రవేశించి పోరాడాలన్న చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూల స్వరాజ్య పార్టీ పక్షం వహించారు. సాధన అనే పత్రిక నడిపారు. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పేరుతో సాహిత్య, కళా రంగాలలో కృషి చేయాలని తలపెట్టారు. తలపెట్టినవన్నీ పెద్ద పనులు. చేతిలో డబ్బు లేదు. ముక్కుసూటిగా మాట్లాడే స్వభావం వల్ల స్నేహితులలోనూ కొందరు దూరమయ్యారు.

జైలు జీవితం, తిండి తిప్పలు లేని తిరుగుడు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బ తీశాయి. క్షయ పట్టుకున్నది. ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు. 1928 జూన్ 10వ తేదీన ఆంధ్రరత్న కన్నుమూశారు. ఎడింబరోలో చదివిన పట్టభద్రుడు, కోరితే పెద్ద ఉద్యోగం పొందగలిగిన మేధావి, పేదరికంలోనే వెళ్లిపోయారు. విజయవాడలోని కాంగ్రెస్ కార్యాలయానికి ఆంధ్రరత్న భవన్ అన్న పేరు ఆయన స్మారకంగా పెట్టినదే.

చీరాల అడిగిన ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు

గోపాలకృష్ణయ్య అడిగిన ప్రశ్నకు ఆయన పోయాక చట్టమే ఒక్కొక్కటిగా జవాబు చెప్పింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 265వ అధికరణంలో, చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని నిర్దేశించింది. పంచాయతీ గాని, మునిసిపాలిటీ గాని తన ఇష్టం వచ్చినట్లు పన్ను పుట్టించజాలదు. శాసనసభ చేసిన చట్టం ఏ పన్నుకు ఏ హద్దు గీసిందో ఆ హద్దులోనే ఉండాలి. స్థానిక సంస్థలు చేసే బైలాలకూ ఇదే సూత్రం. మూల చట్టం మీరిన బైలా కోర్టులో నిలవదు.

1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చీరాల కథకు మరీ దగ్గరది. హిమాచల్ ప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ కింద ఉన్న కొంత ప్రాంతాన్ని నోటిఫైడ్ ఏరియాగా మార్చినపుడు అక్కడివారు కోర్టుకు వెళ్లారు. పల్లె పాలన నుంచి పట్టణ పాలనలోకి మారిస్తే ప్రజలపై కొత్త పన్నులు, కొత్త ఆంక్షలు పడతాయి. కనుక అలా మార్చే ముందు ఆ ప్రజలకు తమ మాట చెప్పుకొనే అవకాశం ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు బల్దేవ్ సింగ్ కేసులో తేల్చింది. చీరాల ప్రజలు అర్జీలలో కోరింది సరిగ్గా ఇదే. ఆ న్యాయం దేశానికి దక్కడానికి వలస తర్వాత అరవై ఆరేళ్లు పట్టింది.

పన్ను పుచ్చుకున్న సంస్థ బాధ్యత గురించి కూడా సుప్రీంకోర్టు 1980లోనే గట్టిగా చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు వీధుల్లో పారుతుంటే ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. తమ వద్ద డబ్బు లేదని మునిసిపాలిటీ మొరపెట్టుకున్నది. డబ్బు లేదన్న సాకుతో పారిశుద్ధ్యం మానడానికి వీల్లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పన్ను కట్టడం ప్రజల విధి అయితే, కాలువ తీయడం సంస్థ విధి.

1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగంలోనే స్థానం లభించింది. గ్రామసభకు గుర్తింపు వచ్చింది. ఆ సవరణను అనుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. మనుబోలు మొదలుకొని రాష్ట్రంలోని ప్రతి గ్రామ పంచాయతీకీ ఇదే ఆధారం.

పల్లెలో పాటించవలసినవి

ఈ చట్టాలు కాగితం మీద ఉన్నంత మాత్రాన పల్లెకు మేలు జరగదు. ఇంటి పన్ను సవరించారని తెలిసినపుడు దేని ఆధారంగా లెక్క కట్టారో అడిగే హక్కు ఇంటి యజమానికి ఉంది. అభ్యంతరం ఉంటే గడువు లోపల వ్రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు పుచ్చుకోవాలి. అరుగు మీద కూర్చుని తిట్టుకుంటే అది అభ్యంతరం కాదు. అలాగే వీధిలోకి పందిరి జరిపినా, కాలువ మీద మెట్లు కట్టినా, పంచాయతీ స్థలంలో దుకాణం పెట్టినా తొలగించమనే అధికారం పంచాయతీకి ఉంది. కానీ ముందు నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, ఆ తర్వాతనే చర్య తీసుకోవాలి. ఒకరికి నోటీసు, మరొకరికి మినహాయింపు అంటే అది చట్టం అమలు కాదు, పక్షపాతం.

గ్రామసభకు పదిమంది కూడా రాని ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ సభలో లెక్కలు చదువుతారు, పనుల జాబితా పెడతారు, తీర్మానాలు వ్రాస్తారు. ఆ రోజు రాని వారికి తర్వాత ఎవరిని అడిగి చేశారని నిలదీసే నైతిక బలం తక్కువ. పట్టణాలు పెరిగి చుట్టుపక్కల పల్లెలను కలుపుకొంటున్న ఈ రోజులలో, జాతీయ రహదారి మీద ఉన్న మనుబోలు వంటి గ్రామాలకు ఈ సంగతి మరింత ముఖ్యం. కలపడం మంచిదా చెడ్డదా అన్నది ఒక్కో ఊరి సౌకర్యాన్నీ, శక్తినీ బట్టి ఉంటుంది. వీధి దీపాలు, నీటి కొళాయిలు, మంచి రోడ్లు కావాలనుకొనే వారికి పట్టణ పాలన లాభమే కావచ్చు. వ్యవసాయం మీదనే బతికే వారికి పన్ను భారం కావచ్చు. ఏదైనా ఆ మాట ముందుగా అడగాలి, ముందుగానే చెప్పాలి.

చీరాల ప్రజలకు ఆనాడు చెప్పుకొనే సభ లేదు, వినే చట్టం లేదు. అందుకే ఇళ్లు వదిలి పాకలలో పదకొండు నెలలు వానకు తడిశారు. వారి తర్వాతి తరాలకు సభ ఉన్నది, చట్టమూ ఉన్నది. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద గ్రామసభ తేదీ చూసుకొని వెళ్లడానికి ఎవరూ ఊరు విడవనక్కరలేదు. ఆంధ్రరత్న కోరినదీ అంతకు మించి ఏమీ లేదు.